వార్తల్లో పదం: వాయుగుండం

సముద్రం మీది అల్పపీడనం బలపడి, గాలి వేగం గంటకు 31–49 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం. 50 నుంచి తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. తుపానుకైతే పేరుంటుంది, హడావుడి ఉంటుంది. వాయుగుండానికి అదేమీ లేదు. కానీ కరవుసీమ అనంతపురాన్ని ముంచడానికి అది చాలు.

2021 నవంబరు 19న చెన్నై దగ్గర వాయుగుండం తీరం దాటింది. ఆ వానలకు చిత్రావతి నది పొంగి, అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద 10 మంది ప్రవాహంలో చిక్కుకున్నారు. వాయుసేన హెలికాప్టర్ వచ్చి కాపాడింది. మరుసటి ఏడాది అక్టోబరులో భారీ వర్షాలకు అనంతపురం నగరంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. పునరావాస కేంద్రంలో అన్నం పెడతారు, సరే. తడిసిన బియ్యం, రేషన్‌కార్డు, పిల్లల పుస్తకాల సంగతి ఇంటికెళ్లాకే మొదలవుతుంది. ఆ బెడద ఎక్కువగా వంక ఒడ్డున బతికే కూలి కుటుంబాలకే.