వార్తల్లో పదం: జీతాల కోత

ఒప్పుకున్న జీతాన్ని కాంట్రాక్టు గడువు మధ్యలో తగ్గించడమే జీతాల కోత. 2025 ఆగస్టులో ఫుట్‌బాల్ పోటీ ఇండియన్ సూపర్ లీగ్ భవిష్యత్తు తేలక, భువనేశ్వర్ క్లబ్ ఒడిశా ఎఫ్‌సీ ఆటగాళ్ల కాంట్రాక్టులను తాత్కాలికంగా నిలిపివేసింది. బెంగళూరు ఎఫ్‌సీ జీతాలు ఆపేసింది. ఇలాంటప్పుడు ఒడిశాలోని బిస్సమ్ కటక్‌లోనైనా బెంగళూరులోనైనా అభిమానికి ఒకటే సందేహం: ఉన్న ఉద్యోగం పోగొట్టుకునే బదులు కొంత తగ్గించుకోవచ్చు కదా?

జవాబు లెక్కల్లో ఉంది. సరైన కారణం లేకుండా తొలగిస్తే, ఫిఫా నిబంధనల ప్రకారం మిగిలిన గడువుకు రావలసిన జీతమే సాధారణంగా పరిహారానికి ఆధారం. కొత్త క్లబ్‌లో వచ్చే సంపాదనను అందులోంచి మినహాయిస్తారు. నెలకు 2 లక్షల చొప్పున ఏడాది గడువు ఉందనుకుందాం. ఆ ఆధారం 24 లక్షలు. సగం కోతకు సంతకం పెడితే 12 లక్షలే. పైగా రెండు నెలల జీతం బకాయిపడితే, 15 రోజుల నోటీసిచ్చి ఆటగాడే తప్పుకోవచ్చు. అందుకే అతనికి తొలగింపు కన్నా సంతకమే ప్రమాదం.

క్లబ్బే దివాలా తీస్తే పరిహారం ఎవరిస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. ఇదే లీగ్ 2021-22 విజేత హైదరాబాద్ ఎఫ్‌సీలో, రెండేళ్లకే జీతాలందక ఆటగాళ్లు సీజన్ మధ్యలో వెళ్లిపోయారు. కానీ చెల్లించలేని క్లబ్ తగ్గించిన జీతం మాత్రం ఇస్తుందన్న హామీ ఏది? కోతకు ఒప్పుకోకపోవడాన్ని అత్యాశ అనడమూ తగదు. అవసరమైతే ఆటగాళ్లూ సర్దుకుంటారు: 2020లో కోవిడ్ వేళ బార్సిలోనా ఆటగాళ్లు 70 శాతం కోతకు ఒప్పుకున్నారు. క్లబ్బులు ముందు లెక్కలు చూపాలి, వాయిదా అడగాలి. కోత ఆఖరి మార్గం కావాలి.