క్లే టార్గెట్ క్రీడకు సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్: ఎంపిక, సంరక్షణ

2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో భారత పురుషుల ట్రాప్ జట్టు స్వర్ణ పతకం సాధించింది. ఆ జట్టులోని ముగ్గురిలో కైనన్ చెనాయ్ హైదరాబాదుకు, పృథ్వీరాజ్ తొండైమాన్ తమిళనాడుకు చెందినవారు. నాటి నుండి మన సరిహద్దు మండలాల యువకులలో కూడా ఈ క్రీడపై ఆసక్తి కనబడుతున్నది. మా పాఠశాల పూర్వ విద్యార్థి ఒకడు, ప్రస్తుతం చెన్నైలో ఉద్యోగి, "మాస్టారూ, ఏ కంపెనీ తుపాకీ మంచిది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ముందు వేసుకోవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ వ్యాసం వాటి గురించే.

ముందుగా చట్టం

తుపాకీ కొనుగోలు దుకాణంతో కాక లైసెన్సుతో మొదలవుతుంది. 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నియమాలు దీనికి ఆధారం. చెన్నై నగరంలో పోలీసు కమిషనర్, జిల్లాలలో కలెక్టర్ లైసెన్సు అధికారులు. సెమీ ఆటోమేటిక్ తుపాకులను ఈ నియమాలు సాధారణ రెండు గొట్టాల తుపాకులతో సమానంగా చూడవు. వీటిపై నిబంధనలు మరింత కఠినమైనవి. కావున ఒక్క రూపాయి బయానా ఇవ్వకముందే, తమకు ఏ రకానికి అనుమతి లభిస్తుందో లైసెన్సు అధికారి నుండి లిఖితపూర్వకంగా తెలుసుకోవడం మేలు. అంతవరకు షూటింగ్ క్లబ్బులో, శిక్షకుని సమక్షంలో నేర్చుకోవచ్చు.

రెండు గొట్టాలా, సెమీ ఆటోమేటిక్కా?

ట్రాప్ పోటీలో సుమారు 110 మిల్లీమీటర్ల వ్యాసం గల పళ్లెం గాలిలోకి ఎగురుతుంది. దానిపై రెండుసార్లు కాల్చవచ్చు. మొదటి గుండు తప్పితే, రెండవది కాల్చేసరికి పళ్లెం మరింత దూరం పోయి ఉంటుంది. ఒకదానిపై ఒకటి గొట్టాలున్న తుపాకీలో రెండవ గొట్టం కొనను మరింత ఇరుకుగా ఉంచుకోవచ్చు. ఈ ఇరుకునే చోక్ అంటారు. సెమీ ఆటోమేటిక్‌కు ఒకే గొట్టం గనుక రెండు గుళ్లకూ ఒకే చోక్. అందుకే అంతర్జాతీయ క్రీడాకారులలో అత్యధికులు రెండు గొట్టాల తుపాకీనే వాడతారు. అయితే అంతర్జాతీయ నియమాలు సెమీ ఆటోమేటిక్‌ను కూడా అనుమతిస్తాయి.

దీని గొప్ప సుగుణం భుజానికి తగిలే దెబ్బ తక్కువగా ఉండటం. గ్యాస్ పద్ధతిలో, తూటా పేలినపుడు పుట్టిన వాయువులో కొంత భాగం పిస్టన్‌ను నెట్టి, ఖాళీ తూటాను బయటకు విసరి, కొత్త తూటాను లోనికి తెస్తుంది. ఇనర్షియా పద్ధతిలో తుపాకీ వెనుకకు తన్నే శక్తియే ఈ పని చేస్తుంది. మొదటిది మెత్తగా తన్నుతుంది గాని త్వరగా మసిబారుతుంది. రెండవది శుభ్రంగా ఉంటుంది గాని గట్టిగా తన్నుతుంది.

ఎంపికలో చూడవలసినవి

ఒలింపిక్ తరహా పోటీలలో తూటాలోని సీసపు గుళ్ల బరువు 24 గ్రాములకు మించరాదు. బరువైన తూటాల కోసం రూపొందిన కొన్ని సెమీ ఆటోమేటిక్‌లు ఇంత తేలిక తూటాతో సక్రమంగా పనిచేయవు. ఏ తూటాతో పోటీ పడతారో ఆ తూటాతోనే పరీక్షించాలి.

తుపాకీ ఖాళీగా ఉన్నదని స్వయంగా చూసిన పిమ్మట, సురక్షిత దిశలో కళ్లు మూసుకొని దానిని భుజానికెత్తి, కళ్లు తెరవండి. చూపు గొట్టంపైనున్న పట్టీకి సూటిగా నిలిస్తే తుపాకీ కర్ర మీ శరీరానికి సరిపోయినట్లే. ఎడమచేతి వాటం వారు వారికై చేసిన తుపాకీనే ఎంచుకోవాలి; లేనిచో ఖాళీ తూటా ముఖం ముందుగా దూసుకుపోతుంది.

సంరక్షణ

మా విద్యార్థి స్నేహితుడొకరు వానకు తడిసిన తుపాకీని తుడిచి, సంచిలో పెట్టి, మూడు వారాల తరువాత తెరిచారు. బోల్టుకు తుప్పు పట్టింది. పోటీనాడు రెండవ తూటా ఎక్కలేదు. చెన్నై ఉప్పుగాలికి, అక్టోబరు–డిసెంబరు వానలకు ఇది వింత కాదు.

కాల్చిన నాడే శుభ్రపరచాలి. చాంబరు, మ్యాగజైన్ రెండూ ఖాళీగా ఉన్నవని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి. గొట్టాన్ని విప్పి చాంబరు వైపు నుండి బ్రష్ తోయాలి. గ్యాస్ తుపాకీలో పిస్టన్‌పైని మసిని, వాయు రంధ్రాలను శుభ్రపరచాలి. చోక్‌ను విప్పి, మరలపై పలుచగా గ్రీజు రాయాలి. లేనిచో అది గొట్టానికి పట్టుకుపోతుంది. నూనె తడి మాత్రమే కనబడాలి, కారరాదు. ఎక్కువైన నూనె మసిని పట్టి ఉంచుతుంది. సంచిలో కాక, తాళం వేసిన పొడి బీరువాలో సిలికా జెల్‌తో భద్రపరచాలి. పిదప చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసం విషపదార్థం.

చివరి మాట

రెండు గొట్టాల తుపాకీని మడిచి పట్టుకుంటే అది ఖాళీ అని పదిమందికీ దూరం నుండే తెలుస్తుంది. సెమీ ఆటోమేటిక్ విషయంలో అలా తెలియదు. బోల్టు తెరచి, చాంబరులో రంగు జెండా ఉంచి, గొట్టాన్ని సురక్షిత దిశలో పట్టుకోవడం దానిని ధరించినవాని బాధ్యత. ఈ క్రమశిక్షణ అలవడిన తరువాతనే కంపెనీ పేరు అడగమని మా విద్యార్థికి చెప్పాను.