ఊదగడ్డి చెప్పే పరిణామ పాఠం

స్వర్ణముఖి ఒడ్డున, చెరువుల కింద వరి కయ్యల్లో కలుపు తీసే ఆడకూలీలకు ఊదగడ్డి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. నాటు వేసిన తొలి రోజుల్లో అది అచ్చం వరిపైరు మాదిరే ఉంటుంది. నడుములు పడిపోయేదాకా వంగి ఏరినా కొన్ని మొక్కలు మిగిలే ఉంటాయి. వెన్ను తీసినాక గానీ అది ఊద అని బయటపడదు. అప్పటికి గింజ రాలనే రాలుతుంది.

ఈ దొంగవేషం దానికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. కలుపు తీసిన చేతులే, తమకు తెలియకుండా, దాన్ని అలా తయారు చేశాయి.

అదెట్లాగంటే, ఊదలో అన్ని మొక్కలూ ఒకేలా పుట్టవు. కొన్ని నేలమీద పరుచుకుంటాయి, మొదలు ఎర్రగా ఉంటుంది. కొన్ని వరిలా నిటారుగా, పచ్చగా లేస్తాయి. తేడాగా కనిపించినదాన్ని చెయ్యి పీకేస్తుంది. వరిలా కనిపించింది బతికి గింజ రాలుస్తుంది. మరుసటేడు అటువంటివే ఎక్కువ మొలుస్తాయి. ఇది ఒక ఏడాది కాదు, వందల ఏళ్ళు సాగింది. చైనాలో యాంగ్‌ట్సీ నది పొలాల ఊదగడ్డి జన్యువులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2019లో ఇదే తేల్చారు. వరిని పోలిన ఊద సుమారు వెయ్యేళ్ళ కిందట మామూలు ఊద నుంచి విడిపోయింది.

మూడు విషయాలు ఇక్కడ గమనించాలి. ఒకే జాతిలో తేడాలుంటాయి. ఆ తేడాలు పిల్లలకు సంక్రమిస్తాయి. అందరూ బతకరు, కొందరే మిగులుతారు. చేతికి బదులు కరువు, చలి, తెగులు, శత్రువు ఈ ఏరివేత చేస్తే దానికే ప్రకృతి వరణం అని పేరు. 1858లో డార్విన్, వాలేస్ ఈ సంగతిని లోకం ముందుంచారు. 1859లో డార్విన్ గ్రంథం వెలువడింది.

పురుగు అలవాటు పడలేదు

"పురుగు మందుకు అలవాటు పడిపోయిందబ్బా" అనే మాట ప్రతి రచ్చబండ దగ్గరా వినిపించేదే. అయితే అలవాటు పడింది ఏ ఒక్క పురుగూ కాదు. తరం నుంచి తరానికి జన్యువులు నకలయ్యేటప్పుడు అప్పుడప్పుడు పొరపాట్లు దొర్లుతాయి. వేలాది పురుగుల్లో ఏ ఒకటో రెండో ఆ పొరపాటువల్లనే మందుకు లొంగకుండా పుడతాయి. మందు కొట్టగానే మిగతావన్నీ చస్తాయి. మిగిలిన ఆ ఒకటి రెండింటి సంతానమే చేనంతా నిండుతుంది.

1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలల్లో జరిగింది ఇదే. పైరిత్రాయిడ్ మందులు ఎన్నిసార్లు కొట్టినా పచ్చపురుగు చావలేదు. పైరు పోయి, అప్పుల్లో మునిగి, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత బీటీ విత్తనం వచ్చింది. గుజరాత్‌లో గులాబీ పురుగు దానికీ లొంగటం లేదని 2010లో మోన్‌శాంటో కంపెనీయే ఒప్పుకున్నది. మందు పని చేయకపోతే వ్యాపారి మోతాదు పెంచమంటాడు. ఆ విషాన్ని పీల్చేది మాత్రం వీపున ట్యాంకు మోసే కూలీ. ఒకే మందును పదేపదే కొట్టటమంటే మొండి పురుగును మనమే ఏరి పెంచటమన్నమాట. ఈ సంగతి తెలియకపోవటంలోనే కంపెనీకి లాభముంది.

రకం వేరు, జాతి వేరు

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. ఏరివేతతో రకాలు మారితే మారవచ్చు, కొత్త జాతి ఎలా పుడుతుంది?

పుంగనూరు పొట్టి ఆవును చూడండి. ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ. కొద్దిపాటి మేతతో మెట్టలో బతికే పశువు. ఎంత తేడాగా ఉన్నా, ఒంగోలు గిత్తతో కలిస్తే దూడ పుడుతుంది, ఆ దూడకూ సంతానం కలుగుతుంది. కాబట్టి అది వేరే రకమేగాని వేరే జాతి కాదు. గుర్రమూ గాడిదా కలిస్తే పుట్టే కంచరగాడిదకు సాధారణంగా సంతానం ఉండదు. అవి రెండూ వేరు జాతులు.

రెండు గుంపుల మధ్య రాకపోకలు, పుప్పొడి, విత్తనం సాగినంత కాలం తేడాలు కలిసిపోతూనే ఉంటాయి. కొండో, సముద్రమో అడ్డం పడి రాకపోకలు తెగితే ఎవరి దారి వారిదే. ఒకచోట ఎండ ఏరుతుంది, మరోచోట వాన ఏరుతుంది. గుంపు చిన్నదైతే కాకతాళీయం కూడా పెత్తనం చేస్తుంది. వాగు పొంగి పది మొక్కల్లో ఎనిమిది కొట్టుకుపోతే, మిగిలిన రెండింటి గుణాలే తర్వాతి తరమంతటికీ వస్తాయి. అవి మేలైనవని కాదు, మిగిలినవని మాత్రమే. ఇలా వేల తరాలు గడిచాక ఆ రెండు గుంపులూ మళ్ళీ ఎదురుపడినా సంతానం కలగదు. అప్పుడవి రెండు జాతులు.

శేషాచలం కొండలే దీనికి సాక్ష్యం. దేశంలో చాలా అడవుల్లో పెరిగే పెద్దేగికి దగ్గరి చుట్టం ఎర్రచందనం. కానీ అది దక్షిణ తూర్పు కనుమల ఎండల్లో, రాతి నేలల్లో మాత్రమే సహజంగా పెరుగుతుంది. తిరుమల రాతి నెర్రెల్లో కనిపించే బంగారు బల్లి తూర్పు కనుమలది. దాని ప్రజాతిలో ఉన్న మరొకే ఒక జాతి సముద్రం అవతల శ్రీలంకలో ఉంది. ఒకే మూలం, దారులు రెండు.

ఇంత కాలం పట్టి తయారైన చెట్టును ఒక్క రాత్రిలో నరికి స్మగ్లర్ కోట్లు గడిస్తాడు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పులకు బలైన 20 మంది మాత్రం పొట్టకూటికి వచ్చిన తమిళనాడు కూలీలు.

బలవంతుడి సిద్ధాంతం కాదు

"బలమున్నవాడిదే రాజ్యం, అది ప్రకృతి ధర్మం" అని కొందరు పెద్దలు డార్విన్ పేరు చెప్పి బుకాయిస్తారు. ఊదగడ్డి మడిలో నిలిచింది బలంతో కాదు, ఆ మడికి సరిపోయిన రూపంతో. అదీగాక, గడ్డి ఎలా బతుకుతుందో చెప్పే సూత్రం మనిషి ఎలా బతకాలో చెప్పదు. భూమి కొందరి చేతుల్లో ఉండటం జన్యువులు చేసిన పని కాదు, మనుషులు చేసిన ఏర్పాటు. మనుషులు చేసినదాన్ని మనుషులే మార్చగలరు.

2023లో కేంద్ర పాఠ్యపుస్తక సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామ సిద్ధాంతాన్ని తొలగించింది. 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు నిరసన లేఖ రాశారు. పదో తరగతితో చదువు ఆగిపోయేది ఎక్కువగా మన పిల్లలదే. పై చదువులకు వెళ్ళినవాడు ఎక్కడో ఒకచోట ఆ పాఠం వింటాడు, కూలికి వెళ్ళినవాడు వినడు. మందు ట్యాంకు మోసేవాడికే ఆ పాఠం అందరికన్నా ఎక్కువ అవసరం.

పుస్తకంలో తీసేస్తే తీసేశారు. కయ్యలో ఊద ఉంది, కొండమీద బల్లి ఉంది. సంఘం సమావేశాల్లో, రాత్రి బడుల్లో మనమే ఈ పాఠం చెప్పుకోవాలి. కలుపు తీసే అక్కలనే ముందు మాట్లాడమందాం. వాళ్ళకు సగం పాఠం ఇప్పటికే తెలుసు.