కొల్లేరు కాస్తా ‘ఘొష్షేశు’ !
పిల్లలకు సరదా - పెద్దలకు హెచ్చరిక

ఏలూరు : ‘ఏషూశు’ నుంచి ‘చూతెం’ వెళ్లే బస్సు ఏదని అడిగితే ఏ కండక్టరయినా ఎగాదిగా చూస్తాడు. ఏలూరు, గూడెం అనే మాటల్లో హల్లులను మూడేసి చోట్లు ముందుకు జరిపితే వచ్చే పేర్లివి. ఈ జరుపుడు పనిని ఇప్పుడు కంప్యూటరులోని లెక్కల పట్టిక, అదే స్ప్రెడ్ షీటు, చిటికెలో చేసి పెడుతోంది.

గుట్టుగా మాట్లాడుకోవడం మనకు కొత్త కాదు. ‘రేపు రా’ అనడానికి ‘కరేకపు కరా’ అనే ‘క భాష’ పల్లె పిల్లలకు తెలిసిందే. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో రహస్య లిపి కూడా ఒకటి. రోములో జూలియస్ సీజరు అక్షరాలను మూడేసి చోట్లు జరిపి ఉత్తరాలు రాసేవాడని సుయెటోనియస్ అనే చరిత్రకారుడు రాశాడు.

తయారీ ఇలా

పట్టికలో ఒక నిలువు వరుసలో ‘క’ నుంచి ‘ఱ’ దాకా 35 హల్లులు రాయాలి. ‘క్ష’ జంటాక్షరం కనుక వదిలేయాలి. మాటను ‘మిడ్’ సూత్రంతో గడికొక ముక్కగా విడగొట్టాలి. ‘మ్యాచ్’ సూత్రం ఆ హల్లు ఎన్నోదో చెబుతుంది. ఆ సంఖ్యలో ఒకటి తీసి, మూడు కలిపి, 35తో భాగించి, శేషానికి ఒకటి కలపాలి. శేషం తీసేది ‘మాడ్’. వచ్చిన సంఖ్య దగ్గరున్న అక్షరాన్ని ‘ఇండెక్స్’ తెచ్చిస్తుంది. చివరి ‘ఱ’ ఇలా చుట్టు తిరిగి ‘గ’ అవుతుంది. మూడుకు బదులు 32 వేస్తే అసలు మాట తిరిగి వస్తుంది.

మన కంటికి ‘కొల్లేరు’ మూడక్షరాలే. కంప్యూటరుకు మాత్రం హల్లులు, గుణింతాలు, పొల్లు కలిపి ఎనిమిది ముక్కలు. హల్లులు కాని వాటిని కదపకుండా వదిలేయాలి. కంప్యూటరు అక్షరానికి ఇచ్చుకున్న సంఖ్యకే మూడు కలిపితే పోదా అనుకోరాదు. అందులో ‘న’ 3112, ‘ప’ 3114. నడుమ 3113లో ఏ అక్షరమూ లేదు. అక్కడికి చేరిన మాట ఖాళీ డబ్బాగా మారుతుంది.

తాళం కాదు, తడిక

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల లెక్కలు కంప్యూటరులో దాచేవారు, ఇంటి గుట్టు పట్టికలో రాసుకునేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ రాతను విప్పడానికి 34 సార్లు ప్రయత్నిస్తే చాలు. అదే పట్టికలో 34 వరుసలూ పక్కపక్కనే పరిస్తే అర్థమయ్యే మాట తనంతట తానే కనిపిస్తుంది. అంతదాకా అక్కరలేదు, ‘ల్ల’ కాస్తా ‘ష్ష’ అయినా జంట జంటగానే ఉంది, గుణింతాలు చెక్కుచెదరలేదు. అది చాలు పసిగట్టడానికి.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ పట్టికలో అంకెలు లేవు. బ్యాంకు కార్డు పిన్ నంబరు అందులో వేస్తే ఉన్నదున్నట్టే బయటికి వస్తుంది! పిన్, ఓటీపీ ఏ రాతలోనూ ఎవరికీ పంపరాదు. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు శేషం లెక్కలు నేర్పడానికి మాత్రం ఇంతకన్నా మంచి ఆట లేదు. తడికను తడికగానే వాడుకుంటే చిక్కు లేదు. తాళమనుకుంటేనే ఇల్లు గుల్ల.