మీకు తెలుసా? మురుగును మేసే తేలే తోట!

మట్టి లేకుండా, నడి చెరువులో తోట పెంచొచ్చని మీకు తెలుసా?

హైదరాబాద్ శివారులో, మణికొండకు దగ్గర్లోని నెక్నాంపూర్ చెరువులో 2018 ఫిబ్రవరిలో అలాంటి తోటే వెలిసింది. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ), జిల్లా యంత్రాంగంతో కలిసి దీన్ని కట్టింది. విస్తీర్ణం సుమారు 3,000 చదరపు అడుగులు. ఇలా తేలుతూ నీటిని శుద్ధి చేసే తోటల్లో దేశంలోకెల్లా పెద్దదిగా అప్పట్లో ఇండియా బుక్ ఆఫ్ రికార్డ్స్‌కెక్కింది.

అడుగున వెదురు, దానిమీద తేలడానికి థర్మాకోల్, ఆపైన గోనెసంచులు, అన్నిటికన్నా పైన కంకర... ఇదీ తెప్ప. ఇందులో వట్టివేరు, మెట్టతామర, జమ్ము, తులసి, అశ్వగంధ వంటి మొక్కలు నాటారు. వాటి వేళ్లు నేరుగా నీళ్లలోకి దిగుతాయి.

శుద్ధి జరిగేది అక్కడే. మురుగుతో వచ్చే నత్రజని, భాస్వరం చెరువులో పేరుకుంటే నాచు, గుర్రపుడెక్క విజృంభిస్తాయి. తెప్పమీది మొక్కలు ఆ పోషకాలను లాగేసుకుని వాటికి మేత తగ్గిస్తాయి. వేళ్లను అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు నీటిలోని కుళ్లును విడగొడతాయి. సన్నటి మడ్డి వేళ్ల గుబురులో చిక్కుకుంటుంది. వానలకు చెరువు నిండినా, ఎండలకు తగ్గినా తెప్ప నీటిమట్టంతో పాటే లేస్తుంది, దిగుతుంది కాబట్టి మొక్కలు మునిగిపోవు, ఎండిపోవు.

అయితే ఒక మెలిక ఉంది. ఏపుగా పెరిగిన మొక్కల్ని ఎప్పటికప్పుడు కోసి ఒడ్డుకు చేర్చాలి. లేదంటే అవి చెరువులోనే కుళ్లి, పీల్చుకున్న పోషకాలన్నీ తిరిగి నీళ్లలో కలిసిపోతాయి. కట్టినవాళ్లు వెళ్లిపోయాక కూడా కోతకు, చెత్త ఏరడానికి మనుషులు కావాలి. చుట్టుపక్కల కాలనీలవాళ్లు ఇది తమ చెరువనుకుంటేనే తెప్ప నిలుస్తుంది.

ఇంకో మాట. తెప్ప ఎంత పెద్దదైనా ఊరి మురుగంతా మేయలేదు. మురుగు కాలువను మళ్లించడమో, ఆ నీటిని శుద్ధి చేసి వదలడమో ముందు జరగాలి.

చెరువులూ చిత్తడి నేలల కిందికే వస్తాయి. ఆ నేలల రక్షణకు 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒప్పందానికి గుర్తుగా ఏటా ఫిబ్రవరి 2న ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం జరుపుతారు. ఈసారి ఆ రోజున మీ కాలనీ చెరువు కట్టమీదికి వెళ్లండి. ఏ కాలువ ఎక్కడి నుంచి వచ్చి అందులో కలుస్తోందో చూడండి. చెరువును బాగుచేసే పని అక్కడే మొదలవుతుంది.