వార్తల్లో పదం: పీఎస్‌ఏ

ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రొటీన్ పీఎస్‌ఏ. మోతాదు రక్తపరీక్షలో తెలుస్తుంది. 2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు ప్రొస్టేట్ క్యాన్సర్ అని వెల్లడయ్యాక ఈ మాట తరచూ వినిపిస్తోంది.

ఆపరేషన్‌లో గ్రంథిని పూర్తిగా తీసేస్తే, రెండు నెలల్లో పీఎస్‌ఏ దాదాపు సున్నాకు పడిపోవాలి. తర్వాత ఎప్పుడైనా మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములకు చేరి, మరో పరీక్షలోనూ తగ్గకపోతే దాన్ని ‘బయోకెమికల్ రికరెన్స్’ అంటారు. స్కాన్‌లో ఏమీ కనబడకపోయినా సరే. అంతమాత్రాన ముప్పు ముంచుకొచ్చినట్టు కాదు. ఎన్ని నెలల్లో రెట్టింపవుతోందన్నది డాక్టర్లు ముఖ్యంగా చూస్తారు. రేడియేషన్ చేయించుకున్నవారికి లెక్క వేరు.

ఈ పరీక్షకు గద్వాల వాళ్లకు కర్నూలు, రాయచూరు దగ్గర. వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లకు మహబూబ్‌నగర్, లేదంటే హైదరాబాద్. ఒక్కోసారి ఒక్కో ఊళ్లో చేయించుకోవడమే చిక్కు. ల్యాబ్ మారితే దశాంశాలూ కొంత మారొచ్చు. వీలైనంతవరకు ఒకేచోట చేయించుకుని, పాత రిపోర్టులన్నీ డాక్టర్‌కు చూపించాలి.