భాగం 7 : హైడ్రాలిక్ క్లచ్ నుంచి గాలి తీయడం (బ్లీడింగ్)

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు
• క్లచ్ పైపులో గాలి చేరితే గేరు ఎందుకు సరిగా పడదో వివరించగలుగుతారు.
• లోపం గాలి వల్ల వచ్చిందా, సీలు వల్ల వచ్చిందా గుర్తించగలుగుతారు.
• ఇంకొకరి సాయంతో ఇంటి దగ్గరే క్లచ్‌ను బ్లీడింగ్ చేయగలుగుతారు.

7.1 పరిచయం

గేరు మార్చేటప్పుడు ఇంజను శక్తి గేరుబాక్సుకు అందకుండా కాసేపు ఆపడం క్లచ్ పని. మారుతి 800 వంటి కార్లలో పెడల్‌ను క్లచ్‌తో కలిపేది ఉక్కు కేబుల్. వాటికి బ్లీడింగ్ అవసరం లేదు. హైడ్రాలిక్ క్లచ్‌లో కేబుల్ పనిని బ్రేక్ ఆయిల్ చేస్తుంది. పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్ పిస్టన్ ఆయిల్‌ను పైపులోకి తోస్తుంది. పైపు రెండో చివర, గేరుబాక్సు దగ్గర ఉండే స్లేవ్ సిలిండర్ పిస్టన్ ముందుకు జరిగి క్లచ్‌ను విడదీస్తుంది. ఈ మార్గంలో చేరిన గాలిని బయటికి పంపడమే బ్లీడింగ్.

7.2 గాలి వల్ల జరిగే నష్టం

పీడనం పెంచినా ద్రవం ఘనపరిమాణం దాదాపు తగ్గదు. వాయువుది తగ్గుతుంది. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన నియమం ప్రకారం, ఉష్ణోగ్రత మారనప్పుడు పీడనం 10 రెట్లయితే వాయువు ఘనపరిమాణం పదోవంతు అవుతుంది.

ఉదాహరణ : మాస్టర్ పిస్టన్ వైశాల్యం 2 చ.సెం.మీ., అది జరిగే దూరం 3 సెం.మీ. అనుకొందాం. అప్పుడు 6 ఘ.సెం.మీ. ఆయిల్ పైపులోకి వెళుతుంది. స్లేవ్ పిస్టన్ వైశాల్యం 3 చ.సెం.మీ. అయితే అది 20 మి.మీ. జరుగుతుంది. క్లచ్ విడిపోవడానికి 16 మి.మీ. చాలనుకొందాం. ఇప్పుడు పైపులో 2 ఘ.సెం.మీ. గాలి ఉంది. పీడనం 10 రెట్లయ్యేసరికి ఆ గాలి 0.2 ఘ.సెం.మీ.కు తగ్గుతుంది. అంటే 1.8 ఘ.సెం.మీ. ఆయిల్ గాలిని నొక్కడానికే ఖర్చయింది. మిగిలిన 4.2 ఘ.సెం.మీ.తో స్లేవ్ పిస్టన్ 14 మి.మీ. మాత్రమే జరుగుతుంది. పెడల్ పూర్తిగా నొక్కినా క్లచ్ పూర్తిగా విడిపోదు. గేరు కరకరలాడుతుంది. ఇలాగే నడిపితే గేరుబాక్సులోని సింక్రోనైజర్ రింగులు అరిగిపోతాయి.

7.3 లోపాన్ని గుర్తించడం

పెడల్ మెత్తగా ఉండి, రెండు మూడు సార్లు గబగబా నొక్కగానే గట్టిపడితే పైపులో గాలి ఉందని అనుమానించాలి. నొక్కి పట్టుకొన్న పెడల్ మెల్లగా కిందికి దిగిపోతే మాస్టర్ సిలిండర్ సీలు అరిగి ఉండవచ్చు. డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతున్నట్లు లెక్క. పెడల్ పైభాగాన పుష్‌రాడ్ దగ్గర, స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు దగ్గర తడి ఉందేమో చూడాలి. కారుతున్న సీలును మార్చకుండా బ్లీడింగ్ మాత్రమే చేస్తే గాలి మళ్లీ చేరుతుంది.

7.4 ముందు జాగ్రత్తలు

1. కారును చదునైన నేలమీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టండి. కేవలం జాకీ మీద నిలిచిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి, స్టాండ్లు తప్పనిసరి.
2. డబ్బా మూతమీద రాసిన రకం ఆయిల్‌నే వాడండి. ఇంజనాయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.
3. డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకొంటాయి. డాట్ 4కు ఉండవలసిన కనీస మరుగు ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్. తేమ చేరిన స్థితిలో 155. కాబట్టి ఎప్పుడో మూత తీసి ఉంచిన సీసాలోని ఆయిల్ వాడరాదు.
4. ఈ ఆయిల్ కారు పెయింటును తినేస్తుంది. మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

7.5 చేసే పద్ధతి

డబ్బాలో ఆయిల్‌ను గరిష్ఠ గుర్తుదాకా నింపండి. స్లేవ్ సిలిండర్ మీది బ్లీడర్ నిపుల్‌ను తుడిచి, దానికి మొదట రింగ్ స్పానర్ తగిలించి, తరవాత పారదర్శకమైన గొట్టం తొడగండి. గొట్టం రెండో చివర కొద్దిగా ఆయిల్ పోసిన సీసాలో మునిగి ఉండాలి. ఇక సహాయకుడు పెడల్ దగ్గర, మీరు నిపుల్ దగ్గర ఉండి ఈ వరస పాటించండి.

1. సహాయకుడు పెడల్‌ను నిదానంగా నొక్కి పట్టుకోవాలి.
2. మీరు నిపుల్‌ను అర చుట్టు వదులు చేయాలి. ఆయిల్, బుడగలు గొట్టంలోకి వస్తాయి. పెడల్ కిందికి దిగుతుంది.
3. పెడల్ కిందే ఉండగా నిపుల్ బిగించాలి.
4. బిగించినట్లు మీరు చెప్పిన తరవాతే పెడల్ వదలాలి. అది తనంతట పైకి రాకపోతే చేత్తో లేపాలి.

మూడు, నాలుగు దశలు తారుమారైతే, వెనక్కి వచ్చే పిస్టన్ నిపుల్ మరల సందుల గుండా గాలిని లోపలికి లాగుతుంది. బుడగలు ఆగేవరకు ఇదే వరస కొనసాగించండి. ప్రతి నాలుగైదు సార్లకు డబ్బాలో మట్టం చూడండి. అది కనిష్ఠ గుర్తు కిందికి పోతే క్లచ్ పైపులోకి పైనుంచే గాలి చేరి పని మళ్లీ మొదటికి వస్తుంది.

చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకే డబ్బా ఉంటుంది. క్లచ్‌లో ఆయిల్ కారినా బ్రేకుకు కొంత మిగలాలని క్లచ్ గొట్టాన్ని డబ్బా పక్కన కాస్త ఎత్తులో అమరుస్తారు. అయినా మట్టాన్ని అశ్రద్ధ చేస్తే ప్రమాదం బ్రేకులదాకా వస్తుంది.

7.6 పరీక్షించడం

నిపుల్‌ను మరీ బలంగా కాకుండా బిగించి, తుడిచి, తడి రావడం లేదని నిర్ధారించుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచి న్యూట్రల్‌లో ఇంజను స్టార్టు చేయండి. బ్రేకు పెడల్ గట్టిగా ఉందో లేదో చూసి, దాన్ని నొక్కి ఉంచండి. క్లచ్ పూర్తిగా నొక్కి, కొన్ని సెకన్లు ఆగి రివర్స్ గేరు వేయండి. శబ్దం లేకుండా పడితే పని పూర్తయినట్లే. వాడిన ఆయిల్‌ను కాలువలో పోయకుండా మూత ఉన్న సీసాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే వారికి ఇవ్వండి.

7.7 సారాంశం

హైడ్రాలిక్ క్లచ్ పనిచేయడానికి ఆధారం ద్రవం కుంచించుకుపోకపోవడం. గాలి చేరితే పెడల్ కదలికలో కొంత భాగం దాన్ని నొక్కడానికే ఖర్చవుతుంది. నొక్కడం, తెరవడం, మూయడం, వదలడం అనే వరస తప్పకపోతే ఆ గాలి బయటికి పోతుంది. అది లోపలికి ఎలా వచ్చిందో కూడా కనిపెట్టి సరిచేస్తేనే మరమ్మతు నిలుస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

7.2లోని ఉదాహరణలో గాలి 1 ఘ.సెం.మీ. మాత్రమే ఉంటే స్లేవ్ పిస్టన్ ఎంత దూరం జరుగుతుంది? క్లచ్ విడిపోతుందా?

సమాధానం : 17 మి.మీ. విడిపోతుంది, కాని మిగులు 1 మి.మీ. మాత్రమే.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. క్లచ్ పైపులో గాలి ఉన్నప్పుడు పెడల్ మెత్తబడటానికి కారణాన్ని బాయిల్ నియమం ఆధారంగా వివరించండి.
2. నిపుల్ మూసిన తరవాతే పెడల్ ఎందుకు వదలాలి?